ఎం35ఎ2 సైనిక ట్రక్కు: ట్యాంకులోని విద్యుత్ ఇంధన పంపు చెడిపోయిందని ఎలా నిర్ధారించుకోవాలి?

ప్రశ్న (సాన్ ఆంటోనియో, టెక్సాస్ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. అమెరికా సైన్యం వాడి, ఆ తరువాత వేలంలో అమ్మేసిన ఎం35ఎ2 ట్రక్కు ఒకటి నా దగ్గర ఉంది. రెండున్నర టన్నుల తరగతికి చెందిన, మూడు ఇరుసులకూ శక్తి అందే ఈ బండిని ఇక్కడివాళ్లు 'డ్యూస్ అండ్ ఎ హాఫ్' అని పిలుస్తారు. ఇంజిన్ ఎల్‌డీటీ-465 మల్టీఫ్యూయల్, అంటే పలు రకాల ఇంధనాలతో నడిచేది. ఆరు సిలిండర్లు, 7.8 లీటర్లు, టర్బో ఉన్నది. నేను డీజిల్ మాత్రమే పోస్తున్నాను. విద్యుత్ వ్యవస్థ 24 వోల్టులది, అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపినది.

ఇంధన ఫిల్టర్లు మార్చినప్పటి నుంచి బండి స్టార్ట్ కావడానికి చాలాసేపు తిప్పవలసి వస్తోంది. ఒకసారి అందుకున్నాక ఖాళీగా బాగానే నడుస్తుంది, ఊళ్లో తిరిగినా తేడా తెలియదు. కానీ బరువున్న ట్రైలర్ తగిలించుకుని హిల్ కంట్రీ వైపు ఎత్తులు ఎక్కేటప్పుడు మాత్రం శక్తి క్రమంగా తగ్గిపోతుంది, పెడల్ పూర్తిగా నొక్కినా పుంజుకోదు. యాక్సెసరీ స్విచ్ వేయగానే ట్యాంకు దగ్గర పంపు రొద వినిపించాలి గదా, అది ఒకరోజు వినిపిస్తుంది, ఒకరోజు వినిపించదు. వినిపించినప్పుడు కూడా నీరసంగా ఉంటుంది.

పంపు కనెక్టర్ విప్పి, స్విచ్ వేసి, తీగ కొసకూ ఛాసిస్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే 24.9 వోల్టులు చూపించింది. కనుక వైరింగ్ బాగుంది, పంపే చెడిందని అనుకుంటున్నాను. కొత్త పంపు ఖరీదు తక్కువేమీ కాదు. పైగా దాన్ని బిగించాలంటే ట్యాంకు మూత విప్పాలి. కొనే ముందు ఇంకేమైనా పరీక్షించాలా? పెద్దలు దయచేసి చెప్పండి.

జవాబు (సికింద్రాబాద్ నుంచి, సైన్యంలో వాహనాలు, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న హవల్దారు)

అయ్యా, పంపు కొనకండి. మీరు చేసిన కొలత తప్పు కాదు గానీ, అది మీకు కావలసిన ప్రశ్నకు జవాబు ఇవ్వదు. కనెక్టర్ విప్పి ఉంచితే ఆ తీగలో కరెంటు పారదు. కరెంటు పారనప్పుడు మధ్యలో ఎంత తుప్పు పట్టిన కాంటాక్టు ఉన్నా అక్కడ వోల్టేజ్ పడిపోదు, మీటరు మొత్తం 24.9 వోల్టులూ చూపిస్తుంది. ఉదాహరణకు ఒక స్విచ్ కాంటాక్టులో 4 ఓముల నిరోధం పేరుకుందని అనుకుందాం. పంపు 2 ఆంపియర్లు లాగే వేళకు ఆ ఒక్కచోటే 8 వోల్టులు పోతాయి, మోటారుకు మిగిలేది 17 మాత్రమే. పంపును విప్పి కొలిస్తే ఆ 8 వోల్టుల నష్టం కంటికి కనిపించదు. అందుకే పంపు తగిలించి, తిరుగుతుండగానే కొలవాలి. కనెక్టర్ వెనుక రబ్బరు లోపలి నుంచి సన్నని ప్రోబ్ దించి కొలవవచ్చు. తీగ ఇన్సులేషన్ మాత్రం గుచ్చకండి. ఆ రంధ్రం నుంచి తేమ దిగి వచ్చే వానాకాలానికి లోపల రాగి పచ్చబడుతుంది.

కొలత మూడు చోట్ల తీసుకోండి. మొదటిది, పంపు ప్లస్ కొసకూ పంపు సొంత లోహపు ఫ్లాంజ్‌కూ (ట్యాంకుకు బిగించే అంచు పలక) మధ్య. మోటారుకు నిజంగా అందుతున్న వోల్టేజ్ ఇదే. రెండవది, బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్ వరకు. ఈ దారిలో స్విచ్, కనెక్టర్లు, తీగ అన్నీ కలిసి ఎంత తినేస్తున్నాయో ఇది చెబుతుంది. మూడవది, పంపు ఫ్లాంజ్ నుంచి బ్యాటరీ మైనస్ వరకు. మన మెకానిక్కుల్లో చాలామంది ఈ మూడవదాన్ని వదిలేస్తారు. ఈ బండ్లలో పంపుకు వెళ్లేది ఒక్క తీగే, కరెంటు తిరిగి వచ్చేది ట్యాంకు లోహం, దాని పట్టీలు, ఛాసిస్ మీదుగానే. పట్టీల కింద పెయింటు మీద పెయింటు, బోల్టుల కింద తుప్పు చేరిన పాత బండిలో ఆ తిరుగు దారి సగం మూసుకుపోయి ఉంటుంది. మీరు మైనస్ ప్రోబ్‌ను ఛాసిస్ మీద పెట్టారు కాబట్టి, ట్యాంకుకూ ఛాసిస్‌కూ మధ్య లోపం ఉన్నా ఆ కొలతలో అది పడే అవకాశమే లేదు. ప్లస్ వైపు గానీ మైనస్ వైపు గానీ అర వోల్టుకు మించి నష్టం కనిపిస్తే, ముందు దాని సంగతి చూడండి.

ఇక జాగ్రత్త. ఈ ఇంజిన్ డీజిల్‌తో పాటు కిరోసిన్, జెట్ ఇంధనం, అవసరమైతే పెట్రోలు కూడా తాగేలా తయారైంది. మీకు ముందు ఉన్నవారు ఆ ట్యాంకులో ఏం పోశారో మీకు తెలియదు కనుక, అందులో పెట్రోలు ఆవిరి ఉందనే భావించి పని చేయండి. ట్యాంకు దగ్గర జంప్ వైరు తగిలించి నిప్పురవ్వ పుట్టించే పని వద్దు. తాత్కాలిక తీగ ఏదైనా కలపవలసి వస్తే ట్యాంకు వైపు కొసను ముందు బిగించి, చివరి కొసను దూరంగా, బ్యాటరీ దగ్గర కాకుండా ఛాసిస్ ముందు భాగంలో కలపండి.

జవాబు (ఆల్బర్టా, కెనడా నుంచి)

నా దగ్గరా ఇదే బండి ఉంది. ట్యాంకు పంపు ఎప్పుడో ఆగిపోయింది, అయినా బండి నడుస్తూనే ఉంది. సిలిండర్లలోకి ఇంధనం చిమ్మే ఇంజెక్షన్ పంపు మీద ఇంజిన్‌తో తిరిగే సరఫరా పంపు వేరే ఉంది గదా, అది ట్యాంకు నుంచి తనంతట తానే లాక్కుంటుంది. ఇంత కష్టం దేనికి? కనెక్టర్ విప్పి వదిలేయండి.

జవాబు (సికింద్రాబాద్ హవల్దారు)

ఆల్బర్టా సోదరులు చెప్పినది నిజమే, నడుస్తుంది. ఈ పంపు చెడినా బండి ఆగదు కాబట్టే దాని లోపం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. కానీ ఆ పంపును అక్కడ ఎందుకు పెట్టారో చూడాలి. మన సైన్యంలో తిరిగిన శక్తిమాన్ ట్రక్కు, జర్మనీలోని మాన్ సంస్థ లైసెన్సుతో జబల్‌పూర్‌లో తయారైనది. దానిలో ఫీడ్ పంపు మీద చేతితో కొట్టే ప్రైమర్ ఉండేది. ఫిల్టర్ మార్చాక గాలి స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతితో కొట్టి ఇంధనం నింపేవాళ్లం. (ఎల్‌డీటీ-465 దహన పద్ధతికి మూలం కూడా మాన్ సంస్థ పద్ధతే, పిస్టన్ గిన్నె గోడ మీదికి ఇంధనం చల్లడం దాని ప్రత్యేకత.) ఎం35ఎ2లో ఆ ప్రైమర్ చేసే పనిని ట్యాంకులోని విద్యుత్ పంపే చేస్తుంది. స్విచ్ వేసి, ఫిల్టర్ పైనున్న గాలి స్క్రూ వదులు చేస్తే ఇంజిన్ తిప్పకుండానే ఫిల్టర్లు నిండాలి. ఫిల్టర్లు మార్చిన తరువాతే స్టార్టింగ్ కష్టమైందని అడిగినవారు రాశారు. నా అనుమానం మొదలైనది ఆ వాక్యం దగ్గరే.

రెండో కారణం నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది. ట్యాంకు పంపు పనిచేస్తున్నంతకాలం ట్యాంకు నుంచి ఇంజిన్ వరకు ఉన్న పైపంతా లోపలి నుంచి ఒత్తిడితో ఉంటుంది. ఎక్కడైనా జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారుతుంది, తడి కనిపిస్తుంది, మీరు స్పానర్ తీసుకుంటారు. ఆ పంపు ఆగిపోతే అదే పైపు లోపల పీడనం బయటి గాలి కంటే తగ్గుతుంది. అదే వదులు జాయింటు ఇప్పుడు గాలిని లోపలికి పీలుస్తుంది, బయట చుక్క కూడా కనిపించదు. ఆ గాలి ఇంజెక్షన్ పంపు వరకు చేరితే స్టార్టింగ్ ఆలస్యమవుతుంది, ఎత్తు మీద శక్తి పడిపోతుంది. చదునైన నేల మీద ఖాళీ బండి నడిపేవారికి ఇది అంతగా తెలియదు. బరువు లాగేవారికి తెలుస్తుంది.

జవాబు (విజయవాడ ఆటోనగర్ నుంచి, ఆటో ఎలక్ట్రీషియన్)

హవల్దారు గారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. వోల్టేజ్‌తో పాటు పంపు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో కూడా చూడండి, ఎందుకంటే ట్యాంకు మూత విప్పకుండానే మోటారు లోపలి స్థితిని చాలావరకు చెప్పేది అదే. సరిపడా వోల్టేజ్ ఉండి కరెంటు సున్నా అయితే కార్బన్ బ్రష్‌లు అరిగిపోవడమో, లోపలి వైండింగ్ తెగిపోవడమో అయి ఉంటుంది. ట్యాంకు మీద తట్టినప్పుడు ఒక్కక్షణం తిరిగి మళ్లీ ఆగితే బ్రష్‌లే. కరెంటు ఉండవలసినదానికంటే చాలా ఎక్కువైతే మోటారు బిగిసిపోతోందని అర్థం; బేరింగ్ పట్టేయడమో, బురద చేరి ఇంపెల్లర్ (ఇంధనాన్ని నెట్టే చక్రం) ఇరుక్కోవడమో జరిగి ఉంటుంది. కరెంటు మరీ తక్కువగా ఉండి, రొద మాత్రం సన్నగా, వేగంగా వినిపిస్తే మోటారుకు భారమే లేదన్నమాట. అంటే పంపు దాకా ఇంధనం అందడం లేదు, లేదా మోటారుకూ ఇంపెల్లర్‌కూ మధ్య బంధం తెగింది. ఉండవలసిన ఆంపియర్ల సంఖ్యను మీ బండి సర్వీసు మాన్యువల్‌లో చూసి పోల్చుకోండి. వేరే బండి సంఖ్యతో పోల్చవద్దు. చిన్న కరెంటును క్లాంప్ మీటరు సరిగా చూపించకపోవచ్చు, కాబట్టి ఫ్యూజు ఉన్న మంచి మల్టీమీటరును వరుసలో పెట్టడమే నయం. దాన్ని కూడా స్విచ్ ఆపి కలిపి, తరువాతే స్విచ్ వేయండి.

వోల్టేజ్, కరెంటు రెండూ బాగున్నా ఇంధనం వస్తోందో లేదో కొలవకుండా పంపు మంచిదని అనకూడదు. ప్రైమరీ ఫిల్టర్ దగ్గరికి వచ్చే పైపు విప్పి, కొలత గీతలున్న డబ్బాలోకి వదిలి, లీటరు నిండడానికి పట్టే సమయం చూడండి. మీ ఇంజిన్ సుమారు 140 గుర్రపుశక్తిది. పూర్తి భారం మీద గంటకు దాదాపు 30 లీటర్లు, అంటే నిమిషానికి అర లీటరు కాలుస్తుందని లెక్క వేసుకోవచ్చు. ఇంజెక్షన్ పంపు నుంచి మిగులు ఇంధనం ట్యాంకుకు తిరిగి పోతుంది కాబట్టి, సరఫరా అంతకంటే బాగా ఎక్కువగా ఉండాలి. నిమిషానికి అర లీటరు కూడా రాకపోతే, అది పంపు లోపమైనా, దారిలో అడ్డమైనా, ఎత్తు మీద మీరు చెప్పిన లక్షణం రావడంలో ఆశ్చర్యం లేదు.

పంపును బయటికి తీస్తే గాలిలో ఖాళీగా తిప్పవద్దు. అది ఇంధనంలో మునిగి చల్లబడుతూ, దానితోనే కందెన పొందుతూ పనిచేసేలా చేసిన యంత్రం. గాలిలో తిప్పితే అరుగుతుంది, బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వ ఆవిరిని తాకే ప్రమాదం కూడా ఉంది. బకెట్టులో డీజిల్ పోసి, అందులో ముంచి, స్విచ్‌ను దూరంగా పెట్టుకుని, ఆరుబయట పరీక్షించండి. పక్కన డీజిల్ మంటలను ఆర్పే సిలిండర్ ఉండాలి.

అడిగినవారి నుంచి

హవల్దారు గారికీ, ఆటోనగర్ గారికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే పంపు తిరుగుతుండగా కొలిచాను. ఆ సమయంలో బ్యాటరీల దగ్గర 24.9 వోల్టులు ఉంటే, పంపుకు అందినది 16.8 మాత్రమే. బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్ వరకు 1.9, పంపు ఫ్లాంజ్ నుంచి బ్యాటరీ మైనస్ వరకు 6.2 వోల్టులు పోతున్నాయి. అంటే నష్టంలో అధికభాగం నేను చూడని వైపే ఉంది.

ట్యాంకు పట్టీల బోల్టులు విప్పి చూస్తే కింద మూడు పొరల ఆకుపచ్చ పెయింటు, దాని కింద పొలుసులుగా తుప్పు ఉన్నాయి. లోహం మెరిసేదాకా గీకి, ఫ్లాంజ్ స్క్రూ ఒకదాని నుంచి ఛాసిస్‌కు లావుపాటి అల్లిక తీగ వేరేగా వేసి, బిగించిన తరువాత తుప్పు పట్టకుండా గ్రీజు పూశాను. ప్లస్ వైపు నష్టం ఎక్కువగా కనిపించిన కనెక్టర్‌లో లోపలి పిన్ను నల్లబడి ఉంది, దాన్ని మార్చాను. ఇప్పుడు ప్లస్ వైపు 0.4, మైనస్ వైపు 0.1, పంపు దగ్గర 24.4 వోల్టులు. రొద ప్రతిసారీ స్పష్టంగా, బలంగా వినిపిస్తోంది. కరెంటు కూడా మాన్యువల్ చెప్పిన పరిధిలోనే ఉంది.

అయితే ఇంధనం మాత్రం ఇంకా తక్కువే. లీటరు నిండడానికి మూడు నిమిషాలకు పైగా పడుతోంది. ట్యాంకులో ఇంధనం పోసే చోటి మూత వదులు చేసి చూశాను, మార్పు లేదు. ఇప్పుడు పంపు మార్చవలసిందేనా?

జవాబు (విజయవాడ ఆటోనగర్)

ఇంకా వద్దు. మూత వదులు చేసి చూడడం చాలా మంచి పని. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి ఇదే లక్షణం వస్తుంది, మీరు దాన్ని పక్కన పెట్టేశారు. విద్యుత్ కూడా సరిగా ఉంది. మిగిలినవి మూడు: పంపు అడుగున జల్లెడ, పంపు ఇంపెల్లర్, ట్యాంకు నుంచి ఫిల్టర్ వరకు పైపు. ముందు పైపును ట్యాంకు దగ్గరే విప్పి, అక్కడే డబ్బాలోకి వదిలి కొలవండి. అక్కడ ఎక్కువ వస్తే లోపం పైపులో ఉంది, అక్కడా అంతే వస్తే ట్యాంకు లోపలే ఉంది. పంపు తీయకుండానే సగం చిక్కు విడిపోతుంది.

ట్యాంకు లోపలిదని తేలితే, పంపును బయటికి తీసే ముందు ఇంధనాన్ని పూర్తిగా తోడి, అడుగు చూడండి. డీజిల్‌కూ నీటికీ మధ్య పెరిగే జిగురు గోధుమ రంగులోనో, నలుపుగానో కనిపిస్తుంది. అది సూక్ష్మజీవుల పని. చాలాకాలం కదలకుండా నిలిచిన సైనిక బండ్లలో ఇది సర్వసాధారణం. ఫ్లాంజ్ కింద గాస్కెట్ తిరిగి వాడవద్దు, డీజిల్‌ను తట్టుకునే కొత్తది పెట్టండి.

అడిగినవారి నుంచి

ట్యాంకు దగ్గర కొలిచినా అంతే వచ్చింది. తోడి, పంపు తీశాను. జల్లెడ మీద నల్లటి జిగురు మందంగా పేరుకుని, సగానికి పైగా మూసుకుపోయి ఉంది. అడుగున నీరు, తుప్పు పొడి కూడా ఉన్నాయి. ట్యాంకు కడిగించి, జల్లెడ శుభ్రం చేసి, బకెట్టులో ముంచి తిప్పితే పంపు దిట్టంగా పనిచేసింది. తిరిగి బిగించాక ఫిల్టర్ దగ్గర లీటరు నిండడానికి నిమిషం కూడా పట్టలేదు. గాలి స్క్రూ వదులు చేసి స్విచ్ వేస్తే బుడగలు కాసేపు వచ్చి ఆగిపోయాయి, ఇంజిన్ వెంటనే అందుకుంది.

కొత్త విషయం ఒకటి. ఇంతకుముందు పూర్తిగా పొడిగా ఉండే ప్రైమరీ ఫిల్టర్ దగ్గరి జాయింటు ఇప్పుడు స్విచ్ వేసి ఉంచితే చెమ్మగిల్లుతోంది, కాసేపటికి చుక్క కడుతోంది. పంపు ఒత్తిడి మరీ ఎక్కువైందా?

జవాబు (సికింద్రాబాద్ హవల్దారు)

ఒత్తిడి ఎక్కువ కాలేదు, ఇప్పుడే ఉండవలసినంత వచ్చింది. ఆ జాయింటు నుంచే ఇన్నాళ్లూ గాలి లోపలికి వెళ్లేది. దాన్ని ఇంకా గట్టిగా బిగించి ఊరుకోకండి. పాత ఫెర్రుల్ (పైపు చుట్టూ నట్టు కింద నలిగి బిగిసే ఉంగరం) ఒకసారి నలిగి గాడి పడితే ఎంత బిగించినా తిరిగి వదులవుతుంది, బలవంతం చేస్తే ఇత్తడి నట్టు చీలుతుంది. పైపు కొసను చతురస్రంగా కోసి, కొత్త ఫెర్రుల్, కొత్త నట్టు వేయండి. అక్కడి నుంచి రబ్బరు గొట్టం ఉంటే, డీజిల్ కోసం చేసినదో కాదో దాని మీద ముద్ర చూసి నిర్ధారించుకోండి. వంచినప్పుడు పైన పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. పని అయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేయకుండా స్విచ్ మాత్రం వేసి, ట్యాంకు నుంచి ఇంజెక్షన్ పంపు వరకు ప్రతి జాయింటునూ తెల్ల కాగితంతో తుడుస్తూ రండి. తడి తగిలితే కాగితం మీద మరక తెలుస్తుంది.

రెండు విషయాలు మరవద్దు. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి మట్టం పెరిగిందేమో, డీజిల్ వాసన వస్తోందేమో చూడండి. ఈ ఇంజిన్లలో ఇంజెక్షన్ పంపు సీళ్లు పాతబడితే ఇంధనం ఆయిల్‌లోకి దిగుతుంది, సరఫరా ఒత్తిడి తిరిగి వచ్చిన తరువాత అది బయటపడవచ్చు. అలాగే ట్యాంకు కడిగినా గోడలకు అంటిన జిగురు కొంత విడివడి ఫిల్టర్లకు చేరుతుంది కాబట్టి, ఇప్పుడున్న ప్రైమరీ ఫిల్టర్‌ను మామూలు గడువు వరకు ఉంచకుండా ముందే మార్చి, అడుగున నీరు దిగే కాక్‌ను కొన్నాళ్లు ప్రతి ప్రయాణానికి ముందూ తెరిచి చూడండి.

జవాబు (ఆల్బర్టా, కెనడా నుంచి)

హవల్దారు గారు చెప్పిన పరీక్ష నా బండి మీద కూడా చేస్తాను. పంపు ఆగిపోయి చాలాకాలమైంది కనుక, ముందు ట్యాంకు ఎర్త్ దగ్గర వోల్టేజ్ నష్టం చూసి, తరువాతే మిగతావి. ఒకవేళ పంపు నిజంగానే చచ్చిపోయి ఉంటే, బయట బిగించే 24 వోల్టుల పంపు పెట్టవచ్చా?

జవాబు (విజయవాడ ఆటోనగర్)

పెట్టవచ్చు, మూడు షరతుల మీద. ట్యాంకుకు వీలైనంత దగ్గరగా, దాని అడుగు మట్టానికి సమీపంగా బిగించాలి, ఎందుకంటే ఇలాంటి పంపులు నెట్టడంలో బలమైనవి, లాగడంలో బలహీనమైనవి. ఆగిపోయినా ఇంధనం తన గుండా పోనిచ్చే రకమే కావాలి. లేకపోతే పంపు చెడిన రోజున బండి దారిలోనే నిలిచిపోతుంది. ఒత్తిడి మీ మాన్యువల్ చెప్పిన పరిధి దాటకూడదు. పెట్రోలు ఇంజెక్షన్ కార్ల కోసం చేసిన అధిక ఒత్తిడి పంపు ఇక్కడ పనికిరాదు. దుకాణాల్లో సులువుగా దొరికేవి ఎక్కువగా 12 వోల్టులవి, కాబట్టి లేబుల్ చదివి కొనండి. వైరును ఫ్యూజు లేకుండా లాగకండి, ఎర్త్‌ను పెయింటు గీకిన ఛాసిస్ మీదే బిగించండి.